తప్పు మెమోది, నింద పిల్లల మనసు మీద

"ఈ తరం పిల్లలకు గుండె నిబ్బరం లేదు" అన్న మాట మళ్లీ వినిపిస్తోంది. మార్కుల్ని బట్టి పిల్లల్ని సెక్షన్లుగా వీలైనంతవరకు విడగొట్టొద్దని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. అది ఎంతవరకు అమలైందని అడిగితే కార్పొరేట్ కాలేజీల నుంచి తరచూ వచ్చే జవాబు ఇదే. అదే హాస్టల్లో, అదే క్లాసులో వందల మంది బాగానే చదువుకుంటున్నారు కదా, ఒకరిద్దరు తట్టుకోలేకపోతే అది వాళ్ల స్వభావం, లేదంటే ఇంటి సమస్య అంటారు.

ఎంసెట్ ఎప్పుడొచ్చిందో, గుంటూరు, విజయవాడల్లో పెరిగిన రెసిడెన్షియల్ చదువు హైదరాబాద్‌కు ఎలా చేరిందో తెలుగు ఇళ్లలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. "స్వభావం" అనే ఈ వాదన ఎంత బలహీనమైనదో తేలిన రోజులు మాత్రం చాలామంది మర్చిపోయారు. అవి 2019 ఏప్రిల్ రోజులు.

ఆ ఏడాది ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్ ఫలితాలు విడుదలయ్యాయి. తొమ్మిదిన్నర లక్షల మందికి పైగా పరీక్ష రాస్తే మూడు లక్షల మందికి పైగా ఫెయిలయ్యారు. మర్నాటి నుంచే మెమోల్లో వింతలు బయటపడ్డాయి. పరీక్ష రాసినవాళ్లకు ఆబ్సెంట్ అని పడింది. మొదటి సంవత్సరం తెలుగులో 98 తెచ్చుకున్న ఒక అమ్మాయికి రెండో సంవత్సరం అదే తెలుగులో సున్నా వచ్చింది. జవాబు పత్రం మళ్లీ తీసి చూస్తే ఆమెకు రావలసింది 99. దిద్దినవాళ్లు ఓఎంఆర్ షీటులో గడులు తప్పుగా నింపారు. ఫలితాల పని చూసిన ప్రైవేటు సంస్థ సాఫ్ట్‌వేర్‌లోనూ లోపాలున్నాయి. నాంపల్లిలోని ఇంటర్ బోర్డు కార్యాలయం ముందు తల్లిదండ్రులు మెమోలు చేతబట్టుకుని ఎండలో నిలబడ్డారు. ప్రభుత్వం త్రిసభ్య కమిటీ వేసింది. ఫెయిలైనవాళ్లందరి పత్రాలనూ ఉచితంగా రీవెరిఫికేషన్ చేస్తామని ప్రకటించింది. మే నెలాఖరుకు ఆ పని పూర్తయ్యాక, అంతకుముందు ఫెయిల్ అన్నవాళ్లలో 1,137 మంది పాసయ్యారని బోర్డే చెప్పింది.

ఈలోపు 20 మందికి పైగా పిల్లలు ఆత్మహత్య చేసుకున్నారు. జాతీయ మానవ హక్కుల కమిషన్ రాష్ట్ర ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది. చనిపోయినవాళ్ల పత్రాలు మళ్లీ చూసినా వాళ్ల ఫలితం మారలేదని బోర్డు తన వాదన వినిపించింది.

బోర్డు చెప్పిందే నిజమనుకుందాం. అయినా ఆ 1,137 మంది సంగతి మిగిలే ఉంటుంది. వాళ్లు నిజానికి పాసయ్యారు. అయినా నెలకు పైగా ఫెయిలైనవాళ్లుగానే బతికారు. తొంభైలు తెచ్చుకునే పిల్లకు సున్నా వస్తే ఇంట్లో ఎవరూ నమ్మరు. ఏదో పొరపాటు జరిగిందంటారు, బోర్డుకు పరుగెత్తుతారు. నలభై మార్కుల దగ్గర ఉండే పిల్లవాడికి ఆ అదృష్టం లేదు. "నేను బాగానే రాశాను నాన్నా" అని వాడు చెబితే వినేవాళ్లు తక్కువ. రెండు రోజులు పోతే వాడికే తన మాట మీద నమ్మకం పోతుంది. తాను రాసిన జవాబు తనకు గుర్తున్నా, కాగితం మీది అంకె దాన్ని చెరిపేస్తుంది. తమ తప్పేమీ లేని చోట కూడా తప్పు తమదేనని పిల్లలు అంత తేలిగ్గా ఎందుకు నమ్మారు? నా దృష్టిలో ఈ వివాదంలో అసలు ప్రశ్న ఇదే.

స్వభావానికి ఇందులో పాత్ర లేదని ఎవరూ అనరు. కొందరికి పుట్టుకతోనే బెంగ ఎక్కువ. చిన్న పొరపాటుకే రాత్రంతా నిద్రపోరు. ఏ పని చేసినా వంక లేకుండా ఉండాలనుకుంటారు. ఇలాంటి గుణాలు ఉన్నవాళ్లకు ఒత్తిడి ఎక్కువైనప్పుడు డిప్రెషన్ వచ్చే ప్రమాదం కూడా ఎక్కువేనని మానసిక శాస్త్రం చాలా కాలంగా చెబుతోంది. కానీ ఆ గుణం ఒక్కటే మనిషిని పడగొట్టదు. దానికి తోడు ఒత్తిడి ఉండాలి, ఆదుకునే మనుషులు దగ్గర లేకపోవాలి. ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త ఎమిల్ డర్క్‌హైమ్ 1897లోనే ఈ మాట ఇంకోవైపు నుంచి చెప్పాడు. ఆత్మహత్యల రేటు ఒక్కో సమాజంలో ఒక్కోలా, ఏళ్ల తరబడి దాదాపు నిలకడగా ఉంటోందంటే, ఒక్కొక్కరి స్వభావంతో దాన్ని వివరించలేమన్నాడు. మనిషిని నలుగురితో కలిపి ఉంచే బంధాలు ఎంత గట్టిగా ఉన్నాయో చూడమన్నాడు.

పదో తరగతిలో వంక లేకుండా రాసినవాళ్లను, తప్పంటే భయపడేవాళ్లను వెతికి, ఫీజు తగ్గించి మరీ చేర్చుకునేవి ఈ కాలేజీలే. ర్యాంకు వచ్చినప్పుడు ఆ భయాన్ని క్రమశిక్షణ అని మెచ్చుకుంటారు. అదే పిల్ల కుప్పకూలితే సున్నిత మనస్కురాలు అంటారు.

హాస్టల్లో ఆ పిల్ల చుట్టూ ఉండే బంధాల సంగతి చూద్దాం. ఇల్లు దూరం. ఫోన్ వారానికోసారి, అదీ వరండాలో క్యూ కట్టి. తెల్లవారుజామున మొదలైన స్టడీ అవర్స్ రాత్రి పొద్దుపోయేదాకా సాగుతాయి. ఆటస్థలం ఉండదు. ఇక మిగిలింది పక్క మంచం స్నేహితురాలు. వీకెండ్ టెస్టులో పది మార్కులు తగ్గితే సెక్షన్ మారుస్తారు, దాంతో ఆ స్నేహితురాలూ దూరమవుతుంది. కింది సెక్షన్‌కు వెళ్లిన సంగతి నోటీసు బోర్డు మీద అందరూ చదువుతారు. మంచి లెక్చరర్లు పై సెక్షన్‌కే వెళ్తారు. "సెక్షన్ పడిపోయింది" అనే మాట మన పిల్లల నోట ఎంత మామూలైపోయిందంటే, తల్లిదండ్రులు కూడా ఫోన్లో తిన్నావా అని అడగకముందే ఏ సెక్షన్ అని అడుగుతున్నారు. పదహారేళ్ల వయసులో తానెవరో చెప్పే అద్దం ఇదొక్కటే అయితే, మెమోలో సున్నా పడినప్పుడు ఆ సున్నా తనేనని అనుకోకుండా ఉండటానికి వాళ్లకు ఇంకేం మిగిలింది?

ఇవన్నీ ప్రభుత్వాలకు తెలియనివి కావు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2001లోనే ప్రొఫెసర్ నీరదారెడ్డి కమిటీ ఈ కాలేజీల్లో ఆత్మహత్యలపై నివేదిక ఇచ్చింది. రాష్ట్రం విడిపోయాక కూడా మరణాలు ఆగకపోవడంతో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రొఫెసర్ చక్రపాణి కమిటీ వేసింది. రెండు కమిటీలూ వేలెత్తి చూపింది పిల్లల మనస్తత్వాన్ని కాదు, చదివించే పద్ధతిని, హాస్టళ్ల తీరును. వాటి సిఫార్సులు చాలావరకు కాగితాల మీదే ఉండిపోయాయి. ఆ తర్వాత కూడా ఫలితాల మర్నాడు ర్యాంకుల ప్రకటనలతో పత్రికల మొదటి పేజీలు నిండుతూనే వచ్చాయి.

పార్లమెంటు ఈలోగా ఒక మెట్టు ఎక్కింది. 2018 మే నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్, ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి, వేరే రుజువు లేకపోతే, తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలని చెప్పింది. అతన్ని శిక్షించకూడదు, వైద్యం, పునరావాసం చూసే బాధ్యత ప్రభుత్వానిది. ఇలా చట్టం స్వభావం అనే మాటను పక్కన పెట్టిన ఏడాదికే 2019 ఏప్రిల్ వచ్చింది. పాఠం మాత్రం ఎవరూ నేర్చుకోలేదు.

సుప్రీంకోర్టు దాకా వెళ్లింది విశాఖపట్నం కేసు. 2023 జులైలో అక్కడ నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ల అమ్మాయి చనిపోయింది. వాళ్లది పశ్చిమ బెంగాల్. పోలీసు దర్యాప్తుపై నమ్మకం లేక తండ్రి హైకోర్టుకు, అక్కడి నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 2025 జులై 25న జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతాల ధర్మాసనం దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. అక్కడితో ఆగకుండా దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది, చట్టం వచ్చేదాకా ఇవే చట్టమంది. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2001లో 5,425 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకుంటే 2022లో ఆ సంఖ్య 13,044కు చేరిందని, అందులో 2,248 మరణాలకు పరీక్షలో ఫెయిలవడమే కారణమని తీర్పులో రాసింది.

ఆ 15లో అందరూ పట్టుకున్నది ఒక్కటే. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న చోట కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్ ఉండాలన్నది. అది అవసరమే, కాదనను. కానీ కౌన్సెలర్‌ను పెట్టడం యాజమాన్యానికి తేలిక. ఒక గది, ఒక జీతం. సమస్య పిల్ల తలలోనే ఉందన్న పాత వాదనకు అది అడ్డు రాదు. అదే తీర్పులో, వీలైనంతవరకు మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడగొట్టొద్దని, నలుగురిలో అవమానించొద్దని, శక్తికి మించిన టార్గెట్లు పెట్టొద్దని కోచింగ్ సెంటర్లతో సహా సంస్థలన్నిటికీ చెప్పిన మాట ఉంది. అది వ్యాపారాన్నే తాకుతుంది. పై సెక్షన్ లేకపోతే ర్యాంకుల ప్రకటన లేదు. ప్రకటన లేకపోతే వచ్చే ఏడాది అడ్మిషన్లు లేవు. అందుకే దాని ఊసెత్తరు.

వాతావరణం మారిస్తే ఫలితం ఉంటుందనడానికి పక్క రాష్ట్రమే ఉదాహరణ. తమిళనాడులో ఫెయిలైనవాళ్లకు ఏడాది పోకుండా వెంటనే మళ్లీ పరీక్ష పెట్టాక పరీక్షల వల్ల జరిగే మరణాలు తగ్గాయని చెన్నై మానసిక వైద్యురాలు డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ చెబుతూ వచ్చారు. 2017 నుంచి అక్కడి బోర్డు ర్యాంకులు ప్రకటించడమే మానేసింది. పిల్లల స్వభావాలు మాత్రం అప్పటికప్పుడు ఏమీ మారిపోలేదు.

తీర్పు ప్రకారం ప్రతి జిల్లాలో కలెక్టర్ అధ్యక్షతన పర్యవేక్షణ కమిటీ ఉండాలి. ఆ కమిటీ కాలేజీకి వెళ్లినప్పుడు కౌన్సెలర్ గది చూసి రావడంతో సరిపెట్టకుండా, వారం వారం మారిన సెక్షన్ల జాబితా తెప్పించుకుని చూడాలి. ఇంకొకటి కూడా చూడాలి. టెలీమానస్ 14416 లాంటి హెల్ప్‌లైన్ నంబర్లను హాస్టళ్లలో, క్లాసుల్లో పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలని మార్గదర్శకాల్లో ఉంది. రాత్రి పదకొండింటికి స్టడీ అవర్స్ అయ్యాక గోడ మీది ఆ నంబరు చదివిన పిల్లకు, వార్డెన్‌ను అడగకుండా, కారణం చెప్పకుండా, డయల్ చేసుకునే ఫోన్ ఆ ఫ్లోరులో ఉందా?