ఇంటర్నెట్ అడ్రస్‌కి 32 బిట్లే ఎందుకు?

ఇంటర్నెట్ అడ్రస్‌కి 32 బిట్లే ఎందుకు, ఇంకో నాలుగు కలిపితే వాళ్ల సొమ్మేం పోయేదని రాజోలు నుంచి ఒక డిగ్రీ కుర్రాడు అడిగాడు. మంచి ప్రశ్నే. ఇంటర్నెట్‌లో కంప్యూటర్‌ని గుర్తుపట్టే నంబరే అడ్రస్; బిట్ అంటే అందులో ఒక 0 గానీ 1 గానీ. 36 పెట్టి ఉంటే పదహారు రెట్లు అడ్రస్‌లు వచ్చేవి. అప్పట్లో వాడుకలో ఉన్న పీడీపీ-10 కంప్యూటర్లు 36 బిట్లతోనే పనిచేసేవి కూడా.

ఈ పొడవు మీద 1977 దాకా తగవు తెగలేదు. కొందరు 32 అన్నారు, కొందరు 128 అన్నారు. అవసరాన్ని బట్టి పెరిగే అడ్రస్ కావాలన్నవాళ్లూ ఉన్నారు. అలా అయితే నెట్‌లో వెళ్లే ప్రతి డేటా ముక్కలోనూ, అంటే ప్యాకెట్‌లోనూ, అడ్రస్ ఎక్కడ అయిపోయిందో వెతుక్కోవడానికే కంప్యూటర్ టైమ్ ఖర్చవుతుందని ప్రోగ్రామర్లు గొడవ చేశారు. చివరికి ఇంటర్నెట్ రూపకర్తల్లో ఒకడైన వింట్ సెర్ఫ్ 32 అని తేల్చేశాడు. ఆయన లెక్కలో అదొక ప్రయోగం. 429 కోట్ల అడ్రస్‌లు; అప్పటి ప్రపంచ జనాభా కూడా ఇంచుమించు అంతే.

అయినా చిక్కు లెక్కలో లేదు, పంపకంలో ఉంది. బొబ్బర్లంక దగ్గర గేట్లెత్తే లస్కర్‌కి రాజోలులో ఎవరి చేను ఎక్కడుందో తెలియక్కర్లేదు. నీళ్లు మధ్య డెల్టా కాలువలోకి వదిలితే చాలు. ఆపైన బ్రాంచి కాలువ, దాని కింద పంట బోదె, ఆఖరికి చేను. నెట్‌లో ప్యాకెట్లకి దారి చూపే రౌటరూ అంతే. 192.0.2.45 అనే అడ్రస్‌లో ముందున్న 24 బిట్లు, అంటే మొదటి మూడు సంఖ్యలు, చూసి దారి పట్టిస్తుంది, చివరి 45 గొడవ దానికి పట్టదు. పట్టికలో రెండు దారులు సరిపోతే ఎక్కువ బిట్లు కలిసినదాన్నే ఎంచుకుంటుంది.

కానీ వెయ్యి ఎకరాల ఆయకట్టుకి తవ్విన కాలువ కింద ఇరవై ఎకరాలే సాగైతే? అడ్రస్‌లని మూడు కొలతల కట్టలుగా పంచిన పాత ఏ, బీ, సీ క్లాసుల్లో జరిగింది అదే. 300 కంప్యూటర్లున్న సంస్థకి సీ క్లాసులో వచ్చే 254 చాలవు. బీ ఇస్తే 65,534. మిగిలినవన్నీ బీడే, శివారు వాళ్లకి మాత్రం చుక్క లేదు. 1993లో ఆ పద్ధతి తీసేశారు. మన కాలేజీల్లో మాత్రం ఇంకా బట్టీ పట్టిస్తూనే ఉన్నారు!

అందుకే 32 బిట్ల తర్వాత తెచ్చిన కొత్త అడ్రస్‌కి (ఐపీవీ6) 64 బిట్లు చాలన్న ప్రతిపాదన ఉన్నా, 1994లో 128కి వెళ్లారు. మామూలుగా ముందు 64 కాలువలకి, వెనక 64 చేలకి. ప్యాకెట్ ముందుండే వివరాల చీటీ, అంటే హెడర్, 40 బైట్లయితే (బైట్ అంటే 8 బిట్లు), పంపేవాడివీ అందుకునేవాడివీ రెండు అడ్రస్‌లకే 32 పోతాయి. ఇక్కడా పొడవు మాత్రం మారదు.

పాత అడ్రస్‌ల కేంద్ర నిల్వ 2011 ఫిబ్రవరి 3న ఖాళీ అయింది. మీ ఫోన్ సెట్టింగ్స్‌లో 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలయ్యే అడ్రస్ కనిపిస్తే, అది నెట్ కంపెనీ లోపలి వాడకానికే. బయటికి మాత్రం చాలామంది ఒకే అడ్రస్ పంచుకుంటున్నారన్నమాట. దాని పక్కనే కోలన్లతో పొడుగ్గా ఉండేది 128 బిట్లది.