ట్యాంకు ప్రాణం పచ్చ గీతలో ఉండదు

పటమట, విజయవాడ

చిరంజీవులు చిన్నాకు, బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

మొన్న సెలవుల్లో మీరు కంప్యూటర్‌లో ట్యాంకులతో యుద్ధం చేస్తుంటే వెనక కూర్చుని చూశాను. ఒక ట్యాంకుకు తొమ్మిది గుండ్లు తగిలాయి. పైనున్న పచ్చ గీత తరిగి తరిగి ఎర్రబడినా అది పరుగు ఆపలేదు. "ఇంకా కొంచెం ప్రాణం ఉంది తాతయ్యా" అన్నాడు చిన్నా. ఆటోనగర్‌లో లారీ బాడీలు కడుతూ ముప్పై ఏళ్లు ఇనుముతో కాపురం చేసినవాణ్ణి. ఆ మాట మింగుడుపడలేదు.

ఉక్కు పలక మనిషిలా నీరసపడదు. గుండు దాన్ని తొలుచుకుని లోపలికి వెళ్లిందా లేదా అన్నదే ముఖ్యం. వెళ్లకపోతే చాలాసార్లు పైన గాటుతో సరి. వెళితే ఒక్కటి చాలు. ఒక్కోసారి వెళ్లకపోయినా ముప్పే. గోడకు ఇవతల సుత్తితో కొడితే అవతలి గదిలో పెచ్చులు రాలతాయి కదా, అలాగే పలక లోపలి వైపు ఉక్కు పెచ్చులు లేచి మనుషులకు తగులుతాయి.

పలక వాలు ఇంకో సంగతి. అమ్మమ్మ అరటికాయను అడ్డంగా కోస్తే చిన్న చక్రం వస్తుంది, ఏటవాలుగా కోస్తే పొడవాటి ముక్క. రష్యా టీ-34 ముందు పలక మందం 45 మిల్లీమీటర్లే. దాన్ని నిలువు నుంచి 60 డిగ్రీలు వాల్చారు కాబట్టి ఎదురుగా వచ్చే గుండుకు 90 మిల్లీమీటర్ల ఉక్కు అడ్డుపడుతుంది. ఈ లెక్క మీ ఆటలోనూ ఉందని బుజ్జి చూపించింది. అది మాత్రం మెచ్చుకోవాలి.

మందుగుండు ఎక్కడ పెట్టారన్నదీ చూడాలి. రష్యాదే టీ-72 అనే ట్యాంకులో గుండ్లను టరెట్ (ఫిరంగి ఉండే, పైన తిరిగే గూడు) కింద గుండ్రంగా పేరుస్తారు. అక్కడ నిప్పు పడితే టరెట్టే గాలిలోకి లేస్తుంది.

1965 సెప్టెంబరులో పంజాబులోని అసల్ ఉత్తర్ దగ్గర పాకిస్తాన్ పాటన్ ట్యాంకులు వచ్చాయి. వాటికి ముందు పలక దిట్టం, పక్కలు పల్చన. మన సైనికుడు అబ్దుల్ హమీద్ జీపుకు బిగించిన ఫిరంగితో చెరుకు తోటల్లో మాటువేసి, దగ్గరకు రానిచ్చి కొట్టాడు. కాలువ నీళ్లు పొలాల్లోకి వదలడంతో చాలా ట్యాంకులు దిగబడిపోయాయి. ఉయ్యూరు దారిలో చెరుకు లోడుతో దిగబడ్డ ట్రాక్టరును మీరూ చూశారు. అలా కూరుకుపోయిన ట్యాంకుకు మీ ఆటలో పచ్చ గీత నిండుగానే ఉంటుంది!

ట్యాంకు చక్రాల చుట్టూ తిరిగే గొలుసు తెగి, లోపల పొగ కమ్మితే ఎవరూ గీత చూసుకుంటూ కూర్చోరు, దూకి పరుగెత్తుతారు. అలా దూకే ఆట ఏదైనా ఉంటే దసరాకు వచ్చినప్పుడు చూపించండి.

మీ తాతయ్య