తడి గోనెలో నూరు గింజలు

అమ్ములుకూ, చంటికీ తాతయ్య ఆశీస్సులు.

జ్వరం తగ్గిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మందు తాగనని మొరాయిస్తూ అమ్ములు ఒక మాట అడిగిందట: "ఈ మందు నాకంటే ముందు ఎవరు తాగి చూశారు?" మీ అమ్మ నవ్వి ఊరుకుంది. నాకు మాత్రం రెండు రోజులుగా అదే ఆలోచన. చాలా మంచి ప్రశ్న తల్లీ, అందుకే కూర్చుని రాస్తున్నాను.

నా చిన్నప్పుడు అనంతపురం జిల్లాలో మా ఊరంతా వేరుశనగే. తొలకరికి ముందు ఇంటిల్లిపాదీ అరుగు మీద చేరి విత్తనాల కాయ ఒలిచేవాళ్ళం. బొటనవేళ్ళు బొబ్బలెక్కేవి. ఒలిచిన కుప్పలోంచి మా జేజినాయన అక్కడో గుప్పెడు, ఇక్కడో గుప్పెడు తీసి 100 గింజలు లెక్కపెట్టేవాడు. వాటిని తడిపిన గోనె మీద పరిచి, చుట్టచుట్టి, ఇంట్లో చీకటి మూల పెట్టేవాడు. రోజూ నీళ్ళు చిలకరించే పని నాది. గింజ నీళ్ళు తాగి ఉబ్బేది, పొర చిట్లేది, తెల్లటి మొలక ముక్కు బయటపెట్టేది. కొన్ని రోజులకు గోనె విప్పి లెక్క చూసేవాళ్ళం. 70 దాటితే విత్తనం మంచిదన్నట్టు.

ఒక ఏడు మాత్రం వాన ముందే వచ్చిందని తొందరపడి, బయట కొన్న విత్తనాన్ని గోనెలో వేసి చూడకుండానే చేనుకు ఎత్తాం. వానకేం లోటు లేదు. చాళ్ళకు చాళ్ళు బోసిపోయాయి. ఆ పొద్దు జేజినాయన గట్టు మీద ఉలుకూ పలుకూ లేకుండా నిలబడి ఉండటం నాకింకా కళ్ళ ముందే ఉంది. అందుకే మీకు చెప్తున్నా, ఎవరేది మంచిదని చెప్పినా "ముందు ఎక్కడ వేసి చూశారు?" అని అడగండి. అమ్ములు అడిగింది అదే కదా.

మనిషి ఒంటికి కూడా అలాంటి తడి గోనె ఒకటి తయారుచేశారు. మన పేగు లోపలి పొర నాలుగైదు రోజులకోసారి అరిగిపోయి కొత్తది వస్తూ ఉంటుంది. ఆ కొత్తదాన్ని పుట్టించే మూలకణాలు అక్కడే మడతల అడుగున ఉంటాయి. అవే విత్తనాలనుకోండి. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో హాన్స్ క్లెవర్స్ అనే శాస్త్రవేత్త ప్రయోగశాలలో తొషిరో సాటో అనే పరిశోధకుడు ఎలుక పేగులోంచి అలాంటి కణాన్ని ఒక్కదాన్ని తీసి, మెత్తటి జెల్లీలో నాటి, దానికి కావలసిన పోషకాలు అందించాడు. అది పెరిగి బుల్లి పేగైంది! ఎవరూ చేత్తో మలచలేదు, మడతలన్నీ అదే వేసుకుంది. ఇది 2009లో బయటికి వచ్చింది. రెండేళ్ళకు మనిషి కణాలతోనూ చేశారు. వీటినే ఆర్గనాయిడ్లు అంటారు. ఆవగింజ కన్నా చిన్నవి.

వీటితో మందును ఎలా పరీక్షిస్తారో ఒక జబ్బు గురించి చెప్తే తెలుస్తుంది. సిస్టిక్ ఫైబ్రోసిస్ అని, పుట్టుకతో వచ్చేది. ఆ పిల్లల నుదుటి మీద ముద్దు పెడితే ఉప్పగా ఉంటుంది. మన కణాల గోడల్లో ఉప్పు దాటడానికి బుల్లి ద్వారాలున్నాయి. ఉప్పు ఎటు వెళ్తే నీళ్ళు అటు వెళ్తాయి. వీళ్ళకు ఆ ద్వారం సరిగా తెరుచుకోదు. నీళ్ళు చాలక ఊపిరితిత్తుల్లో కఫం జిగురులా గడ్డకడుతుంది.

ఆ బిడ్డ పేగు నుంచి చిటికెడు పొర తీసి ఆర్గనాయిడ్లు పెంచుతారు. గుంతపొంగనాల పెనంలా 96 గుంటలున్న పళ్ళెంలో వాటిని ఉంచి, ఫోర్‌స్కోలిన్ అనే పదార్థం కలుపుతారు. అది ఆ ద్వారాన్ని తెరిపిస్తుంది. ఆరోగ్యవంతుల బుల్లి పేగులైతే గంటలోపే లోపలికి నీళ్ళు చేరి, నానిన గింజల్లా ఉబ్బుతాయి. జబ్బున్న బిడ్డవి ఎంత నానినా ఉబ్బని రాతి గింజల్లా ఉండిపోతాయి. అప్పుడు ఒక్కో గుంటలో ఒక్కో మందు వేస్తారు. ఏ గుంటలో ఉబ్బాయో ఆ మందుకు పనిచేసే గుణం ఉన్నట్టు. ఉట్రెక్ట్‌వాళ్ళు ఈ పద్ధతిని 2013లో ప్రకటించారు.

ఈ జబ్బు తెచ్చే జన్యువులో 2,000కు పైగా రకాల మార్పులు కనిపించాయి. కొన్ని ప్రపంచం మొత్తం మీద ఏ కొద్దిమందికో ఉంటాయి. అంత కొద్దిమందితో పెద్ద పరీక్ష ఎలా పెడతారు? ఇదివరకు వాళ్ళ సంగతి ఎవరూ పట్టించుకోగలిగేవారు కాదు. ఇప్పుడు వాళ్ళ పేగు చిటికెడే వాళ్ళ తరఫున సాక్ష్యం చెప్తోంది. నెదర్లాండ్స్‌లో అలా పళ్ళెంలో ఉబ్బిన తర్వాతే మందు అందుకుని తేరుకున్నవాళ్ళున్నారు. ఇది చదివిన రోజు నాకు కళ్ళు చెమర్చాయి.

ఫోర్‌స్కోలిన్ అన్నాను కదా, అది ఎక్కడిదో తెలుసా? మన దేశంలోనే పెరిగే కోలియస్ మొక్క వేరులోది. 1970లలో ముంబైలోనూ లక్నోలోనూ మనవాళ్ళే దాన్ని వేరు నుంచి తీశారు. మీ అమ్మమ్మ బజ్జీలు వేసే వాము ఆకు ఉంది చూడండి, ఆ మొక్కకు ఇది దగ్గరి చుట్టం.

అయితే గోనెలో మొలిచిన గింజకు ఎండ తెలియదు, పురుగు తెలియదు. పళ్ళెంలోని బుల్లి పేగుకూ నెత్తురు లేదు, కాలేయం లేదు. అందుకే ఆ తర్వాత కూడా ఎన్నో పరీక్షలుంటాయి. ఇన్నాళ్ళూ ఆ భారం చాలావరకు ఎలుకలూ కుందేళ్ళూ మోశాయి. 2023లో మన దేశం నియమాలు సవరించి, ఇలా పెంచిన మనిషి కణజాలం మీద చేసిన పరీక్షలనూ ఒప్పుకుంటోంది. ఆ మూగజీవాల గురించి తలుచుకుంటే నాకు ఎంతో ఊరటగా ఉంది. చివరికి మనుషులు కూడా, తెలిసి ఒప్పుకుని, ముందుగా మింగి చూడాలి అమ్ములూ. నువ్వు తాగిన మందునూ అలా ముందు తాగి చూసినవాళ్ళున్నారు. వాళ్ళ పేర్లు సీసా మీద ఉండవు.

ఇక మీరు చేయాల్సింది. ఈ రాత్రి 100 శనగలు లెక్కపెట్టి నీళ్ళలో వేయండి. పొద్దున్నే లేచి, ఉబ్బనివి ఏరి పక్కన పెట్టండి. వాటిని వేలితో నొక్కి చూసి, మొత్తం ఎన్నో లెక్కపెట్టి నాకు రాయండి. చంటి ఎప్పటిలాగే సగం తినేయకుండా చూసుకో.

ప్రేమతో,
తాతయ్య