మీట నొక్కింది నిజాంపట్నంలో, డబ్బు పడింది కోనసీమలో

కేజీ బేసిన్‌లో, అంటే కృష్ణా గోదావరి తీరంలో, గ్యాస్ ఎప్పుడు పడింది, ఎవరు తవ్వారు, ఇవన్నీ పాత సంగతులే, వదిలేద్దాం. గుంటూరు చేపల మార్కెట్ దగ్గర ఇప్పుడు వినిపించే మాట ఒకటే: సముద్రంలో పైప్‌లైన్ వేసినందుకు మత్స్యకారులకిచ్చిన పరిహారం డబ్బులు కాకినాడ, కోనసీమ జిల్లాలకే ఎందుకు, మాకెందుకు రావు? నన్నడిగితే ఈ గొడవకి వేరు 2017లో ఉంది.

అంతకుముందు కోనసీమలోని ముమ్మిడివరం వైపు సముద్రంలో గుజరాత్ ప్రభుత్వ సంస్థ జీఎస్‌పీసీ తవ్వకాలు చేసింది. దానివల్ల వేట కోల్పోయిన వాళ్లకి పరిహారం పూర్తిగా అందకుండానే 2017లో ఆ బ్లాకులో (తవ్వకాలకి కేటాయించిన సముద్ర ప్రాంతంలో) తనకున్న 80 శాతం వాటాని కేంద్ర ప్రభుత్వ చమురు సంస్థ ఓఎన్‌జీసీకి అమ్మేసింది. బావులకి కొత్త యజమాని వచ్చాడు, పాత బాకీకి మాత్రం ఎవరూ రాలేదు. చివరికి 2019 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వమే 16 వేలకు పైగా కుటుంబాలకి దాదాపు 78 కోట్లు ఇచ్చింది. మంచిదే, కాదనను. కానీ అప్పట్నుంచి కంపెనీతో మత్స్యకారుడు నేరుగా తేల్చుకోవాల్సిన లెక్క కాస్తా జాబితాలో పేరుందా లేదా, సభ ఎప్పుడు, డబ్బు విడుదల చేసే మీట ఎవరు నొక్కుతారు అనే దాకా వచ్చింది.

తర్వాత ఓఎన్‌జీసీ పైప్‌లైన్ వచ్చింది. కాకినాడ, కోనసీమ జిల్లాల్లో 23,458 కుటుంబాలు, ఒక్కో కుటుంబానికి నెలకి 11,500 పరిహారం. 2023 మే 16న నాలుగు నెలలకి 46,000 చొప్పున విడుదల చేసిన సభ ఎక్కడో తెలుసా? నిజాంపట్నంలో! 2022 ఏప్రిల్ దాకా మన గుంటూరు జిల్లాలోదే. అక్కడి వాళ్లకి దక్కింది వేట నిషేధం తాలూకు పదివేలే. ఆ నవంబరులో మళ్లీ ఆరు నెలలకి 69,000, అదీ ఆ జాబితాకే.

పైపు వేసే చోటే నష్టమని అధికారుల లెక్క, పనులు తాత్కాలికమని కంపెనీ మాట. బోటు వాళ్లు చెప్పేది వేరే. చేప ఎటు పోతే బోటు అటు, సీజన్లో కాకినాడ దాకా పోతాం, పెద్ద ఓడ అడ్డొచ్చి వల తెగితే అది ఏ ఊరి వలో అడగదు, చుట్టు తిరిగి పోవాలంటే డీజిల్ ఖర్చు మాదే, కలాసీల (బోటు పనివాళ్ల) బేటా, అంటే రోజువారీ ఖర్చు, మాదే అంటారు. జిల్లా సరిహద్దు నీళ్ల మీద ఎవడు గీశాడో నాకూ అర్థం కాదు.

పైపు వేసినన్నాళ్లే నష్టమని నెలలు లెక్కగట్టారు. 2024 జనవరి 7న ఓఎన్‌జీసీ లోతు సముద్రపు బ్లాకులో ఆయిల్ మొదలైంది. సముద్రంలో ఆయిల్ తీసే నిర్మాణాల చుట్టూ 500 మీటర్ల లోపలికి బోటు పోకూడదు, దానికి నెలల లెక్కేం లేదు.