ఉప్పు పిల్లలు

"మాస్టారూ, యాసిడ్‌లో బ్లీచింగ్ కలుపుతుంటే మా అమ్మ మీద అంతలా అరిచారేంటి? రెండూ కడిగేవేగా?"

గుంటూరులో మా పక్కింటి ఇంటర్ అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. ఉప్పునీటిని కరెంటుతో విడగొట్టే క్లోర్-ఆల్కలీ సమీకరణం నిద్రలో లేపినా చెప్పేస్తుంది. అది వాళ్ళ బాత్రూమ్ గూట్లో సీసాల కథేనని మాత్రం ఎవరూ చెప్పలేదు. తప్పు మా మాస్టర్లదే.

ఆ సీసాలకు తల్లి ఉప్పు. చినగంజాం కొటార్లలో పండే రాళ్ళుప్పు లాంటిదే. చేతికిస్తే గొడవలొస్తాయంటాం, మిరపకాయలతో కలిపి దిష్టి తీస్తాం. ఫ్యాక్టరీలో దాన్ని లీటరుకు సుమారు 300 గ్రాములుండేలా కరిగించి, 3 వోల్టుల కరెంటు పెడతారు. ఒక గదిలో క్లోరిన్, రెండో గదిలో హైడ్రోజన్, కాస్టిక్ సోడా పుడతాయి. నడుమ పల్చటి ప్లాస్టిక్ పొర. నాకు పిచ్చి ఆ పొరంటేనే.

బెజవాడ లేడీస్ హాస్టల్ గేటు అనుకోండి దాన్ని. పొర నిండా ఋణావేశమున్న సల్ఫోనేట్ గుంపులు. అవే వాచ్‌మన్లు. ధనావేశమున్న సోడియం అయాన్‌ని "పో అమ్మా" అంటాయి, ఋణావేశమున్న క్లోరైడ్‌ని బయటే నిలబెడతాయి. సోడియం ఊరికే రాదు, ఒక్కొక్కటీ మూడు నాలుగు నీటి అణువుల్ని సామానులా మోసుకొస్తుంది. లోపల నీళ్ళు విడిపోగా పుట్టిన హైడ్రాక్సైడ్‌తో జతకట్టి 32 శాతం కాస్టిక్ సోడాగా బయటపడుతుంది.

చిక్కంతా కాల్షియం, మెగ్నీషియంలతోనే. అవీ ధనావేశం ఉన్నవే, వాచ్‌మన్ ఆపలేడు. కానీ గేటు దాటకముందే హైడ్రాక్సైడ్ ఎదురై గడ్డకట్టి, గడపలోనే పెట్టెలు దించుకుని కూర్చుంటాయి. దారి మూసుకుపోతుంది. అందుకే ఆ రెండూ కలిపి వంద కోట్ల పాళ్ళలో 20 పాళ్ళకు మించకుండా ఉప్పునీటిని ముందే వడకడతారు. వానాకాలంలో మన ఉప్పు జాడీ చెమర్చేదీ ఈ మెగ్నీషియం వల్లే.

టన్ను కాస్టిక్ సోడాకి దాదాపు ఒకటిన్నర టన్నుల ఉప్పు ఖర్చు. వెంట సుమారు 890 కిలోల క్లోరిన్, 25 కిలోల హైడ్రోజన్ వస్తాయి. కాస్టిక్‌తో నూనె కలిస్తే సబ్బు. చల్లటి కాస్టిక్‌లోకి క్లోరిన్ పంపితే బ్లీచ్ ద్రవం. పిడుగురాళ్ళలో కాల్చే సున్నం లాంటిదాన్ని తడిపి, దాని పొడికి క్లోరిన్ పట్టిస్తే మున్సిపాలిటీవాళ్ళు కాలవల పక్కన చల్లే బ్లీచింగ్ పౌడర్. దీనికి చార్లెస్ టెనెంట్ 1799లోనే పేటెంట్ తీసుకున్నాడు. హైడ్రోజన్‌ని క్లోరిన్‌లో మండించి నీళ్ళలో కలిపితే బాత్రూమ్ యాసిడ్.

అంత కష్టపడి గేటు విడదీసినవాటిని వాళ్ళమ్మ మగ్గులో కలపబోయింది. ద్రవమైనా పొడైనా బ్లీచింగ్‌కి యాసిడ్ తగిలితే క్లోరిన్ మళ్ళీ వాయువై లేస్తుంది. గాలికంటే రెండున్నర రెట్లు బరువు, కాబట్టి నేల దగ్గరే పేరుకుంటుంది. తలుపేసుకుని గొంతుక్కూర్చుని నేల తోమేవాళ్ళ ముక్కు సరిగ్గా ఆ ఎత్తులోనే ఉంటుంది. ఘాటు తగిలితే అన్నీ అక్కడే వదిలేసి ఆరుబయటికి పరుగెత్తాలి.

అంతా విని అమ్మాయి అడిగింది, "మరి ఫినాయిలో?"

"అది ఉప్పు పిల్ల కాదమ్మా. రేపు రా, చెబుతా."