ఇత్తడి మెడ ఎందుకు పగులుతుంది?

అనంతపురంలో డిగ్రీ చదివే అబ్బాయి ఒకడు అడిగాడు: కొన్ని దేశాల్లో రైఫిల్ షూటింగ్ వాళ్లు కాల్చిన తూటా ఇత్తడి గొట్టాన్ని పారేయకుండా మళ్లీ నింపి వాడతారట కదా సార్, కొన్నిసార్లు వాడాక దాని మెడే చీలుతుందెందుకు, అడుగు చీలదెందుకు?

ఈ ప్రశ్న నాకు భలే నచ్చింది. ఆ ఇత్తడిలో నూటికి 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింక్. తూటా పేలగానే పల్చటి మెడ ఉబ్బి తుపాకీ లోపలి గోడకు అతుక్కుంటుంది, మళ్లీ నింపే ముందు దాన్ని అచ్చులో నొక్కి సన్నం చేస్తారు. ప్రతిసారీ ఇదే తంతు.

పెళ్లి పందిట్లో పరిచిన పెద్ద జంఖానా జరపాలంటే ఏం చేస్తాం? మొత్తం లాగితే కదలదు, ఒక అంచున ముడత లేపి దాన్ని కాలితో అవతలి అంచుదాకా తోస్తే సులువుగా జరుగుతుంది. లోహం వంగేదీ అలాగే, పరమాణువుల వరసల్లో ముడతలు జరిగి. వీటినే డిస్‌లొకేషన్లు అంటారు. అయితే వంచినకొద్దీ కొత్త ముడతలు పుడతాయి, నాలుగు వైపుల నుంచీ వచ్చి ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి, ఇక ఏదీ కదలదు. ఇత్తడి బిగుసుకుంటుంది. ఆపైన ఉబ్బమంటే చీలడమే. అడుగు మందంగా ఉంటుంది, ఇంతగా సాగదు.

అందుకే మెడను మాత్రమే వేడి చేస్తారు. పాత ముడతలు సాఫు కావడం ఒక్కటే కాదు, పాత జంఖానా తీసేసి కొత్తది నేసినట్టు కొత్త స్ఫటికాలే పుడతాయి. వేడి ఎక్కువైతే అవి మరీ పెద్దవై మెడ పట్టు పోతుంది. అడుగుకు వేడి తగలనివ్వకూడదు, పేలుడు ఒత్తిడిని మోయాల్సింది అదే.

లోహాన్ని కాల్చి నీళ్లలో ముంచితే గట్టిపడుతుందని క్లాసులో పిల్లలకు చెప్పేస్తాం. కొడవలి ఉక్కుకు అది నిజం, ఈ ఇత్తడికి కాదు. నీళ్లలో ముంచినా మెత్తగానే ఉంటుంది.

ఇంకో పగులు ఉంది. బ్రిటిష్ వాళ్ల కాలంలో మన దేశంలో గుర్రపుశాలల దగ్గర దాచిన తూటాలు వానాకాలంలో వాటంతటవే చీలేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, తేమ, ఇత్తడిలో మిగిలిన బిగువు, ఈ మూడూ కలిసి చేసిన పని అని 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ అనే పరిశోధకులు తేల్చారు. ఇత్తడి చెంబు ఊరికే చీలితే దిష్టి తగిలిందనే వాళ్లు పక్కన పశువుల కొట్టం ఉందేమో ఒకసారి చూడాలి.

కర్నూలు పాతబస్తీలో ఒకాయన మా బిందె మెడ సొట్ట తీస్తుంటే పక్కనే కూర్చుని చూశాను. కాసేపు కొట్టాడు, సుత్తి ఎగిరెగిరి పడటం మొదలైంది. వెంటనే ఆపి, "బిగుసుకుండాది సార్" అంటూ మెడను మళ్లీ కొలిమిలో పెట్టాడు.