“మా లెక్క మా ఊళ్లో ఉందండీ”: గాజువాక వార్డు, గోదావరి లంక - అపోహలు, వాస్తవాలు

అపోహ: రేషన్ కార్డు, ఓటు ఎక్కడ ఉంటే జనాభా లెక్కలో మనమూ అక్కడే ఉంటాం.

విశాఖపట్నం గాజువాక ఆటోనగర్ వెనక వీధుల్లో జనగణన సిబ్బందిగా మేం అద్దె గదుల తలుపులు తడితే వినిపించే మొదటి మాట ఇదే. శ్రీకాకుళం కుర్రాడైనా, కోనసీమ లంక నుంచి వచ్చిన వెల్డరైనా “మా లెక్క మా ఊళ్లో ఉందండీ” అని తలుపు వేసేస్తారు.

వాస్తవం: జనగణన లెక్కపెట్టేది మనిషిని, కార్డును కాదు. 2011లో ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు గణన జరిగింది. ఆ రోజులన్నీ ఊళ్లో లేనివారి పేరు ఆ ఇంట్లో రాయకూడదన్నది నిబంధన. అయినా అక్కడ తల్లి ప్రేమకొద్దీ కొడుకు పేరు చెబుతుంది. ఇక్కడ కొడుకు తన పేరు చెప్పడు. తల్లి చెబితే లంక ప్రొఫైల్‌లో (ఊరి జనాభా, సౌకర్యాల వివరాల పత్రంలో) లేని యువకులు పుట్టుకొస్తారు, చెప్పకపోతే ఆ కుర్రాడు దేశంలోనే లేకుండా పోతాడు. గాజువాక వార్డుకు మాత్రం రెండు విధాలా నష్టమే. పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ప్రమాణం 50 వేల జనాభాకు ఒకటి. 15వ ఆర్థిక సంఘం స్థానిక సంస్థల గ్రాంట్లను రాష్ట్రాలకు పంచినప్పుడు జనాభాకు 90 శాతం, విస్తీర్ణానికి 10 శాతం ప్రాధాన్యం ఇచ్చింది. కుళాయి దగ్గర మనిషి ఉంటాడు, కాగితం మీద ఉండడు. మళ్లీ నీళ్లు చాలడం లేదని తిట్టేది కూడా మనమే!

ఒక ఇంటాయన “మేం నలుగురమే, పైన ఖాళీ” అన్నారు. మెట్ల పక్కన తాడు మీద ఒకే రంగు యూనిఫారాలు వరుసగా ఆరుతున్నాయి. మాట్లాడుతుండగానే సి షిఫ్టు (రాత్రి షిఫ్టు) దిగిన కుర్రాళ్లు టిఫిన్ క్యారియర్లతో వచ్చి, నాకు నమస్కారం పెట్టి మరీ పైకెళ్లారు. ఆయన ముఖం చూసి జాలేసింది. అద్దెదారుల పేర్లు చెబితే ఇంటి పన్ను పెరుగుతుందని ఎవరో చెప్పారట. ఎవరో! ఈ ఎవరో ఒక్కడు దొరికితే మా పని సగం తగ్గుతుంది. 1948 జనగణన చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఆ వివరాలను తనిఖీ చేసే హక్కు ఎవరికీ లేదు, సివిల్ కేసులో సాక్ష్యంగానూ చెల్లవు. బయటపెట్టిన సిబ్బందికి శిక్ష ఉంది. పన్ను వేసేవారికి మా షెడ్యూలు (మేం వివరాలు రాసుకునే పత్రం) చేరదు.

2027 ఫిబ్రవరిలో జరిగే గణనకు మీరే వివరాలు నమోదు చేసుకునే వీలుంది. షిఫ్టుల్లో ఉండేవారు దాన్ని వాడుకోండి. ఊళ్లో అమ్మకు ఫోను చేసి, మీ పేరు విశాఖలో రాయించుకున్నారని చెప్పండి.

అపోహ: లెక్కలో చెబితే రేషన్ కార్డు పోతుంది. పోదు. పైన చెప్పిన సెక్షనే దీనికీ జవాబు.

అపోహ: విశాఖ జిల్లా జనాభా 42.9 లక్షలు. అది 2011 నాటి ఉమ్మడి జిల్లా, పాడేరు ఏజెన్సీతో సహా. 2022 ఏప్రిల్ 4న జిల్లా మూడు ముక్కలైంది. అంతకుముందే నగరంలో 72 వార్డులు 98 అయ్యాయి. ఇప్పటి వార్డు నంబరు పక్కన 2011 అంకె రాసి నివేదిక తెచ్చేవాళ్లకు దండం.

అపోహ: లంక గ్రామం ప్రొఫైల్‌లో బస్సు, ఆసుపత్రి ఉన్నాయంటే లంకలో ఉన్నట్టే.

జనగణనకు ఊరంటే రెవెన్యూ గ్రామం. శివారు లంకకు పట్టికలో విడిగా వరుస ఉండదు. గట్టు మీద ఉన్న ఆసుపత్రి లంక ఖాతాలోనూ పడుతుంది. పి.గన్నవరం వైపు ఊడిమూడిలంక, బూరుగులంక వారిని అడగండి: గోదావరికి వరదొచ్చి తాత్కాలిక గట్టు తెగితే గర్భిణిని రేవు దాటించేది పడవే. అందుకే లంకకు ప్రొఫైల్ రాసేవారికి నేను చెప్పేది, రెవెన్యూ గ్రామం అంకెలతో ఆగిపోవద్దని. ఎన్యూమరేషన్ బ్లాకుల (ఒక్కో గణకుడికి అప్పగించే ప్రాంతాల) మ్యాపు తెప్పించి, ఏ బ్లాకు నీటికి అవతల ఉందో ముందు గుర్తుపెట్టుకోండి.